రేడియేషన్ పొందినవారు రక్తస్రావాన్ని మొలలనుకోవద్దు
ఏళ్లు గడిచాక పేగు క్యాన్సర్‌కు అవకాశం.. ముప్పు స్వల్పమే అయినా అప్రమత్తత అవసరం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స పొంది, కోలుకుని, ఇంటి పనులు, పొలం పనులు యథావిధిగా చేసుకుంటున్న మహిళలు పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఈ చికిత్సనే వాడుకలో ‘కరెంటు పెట్టడం’ అంటారు. పది, పదిహేనేళ్ల తర్వాత మలంతో రక్తం పడితే దానిని పాత చికిత్సతో ముడిపెట్టి చూసేవారు అరుదు. మొలలుగా భావించి నాటుమందులతో కాలం గడిపేస్తుంటారు. అయితే కటి భాగానికి ఇచ్చిన రేడియేషన్‌కు, చాలా ఏళ్ల తర్వాత కనిపించే మలాశయ, పెద్దపేగు క్యాన్సర్లకు సంబంధం ఉన్నట్లు పలు అధ్యయనాల్లో వెల్లడైంది.

కారణం ఏమిటి?
స్త్రీలలో గర్భాశయానికి, పురుషులలో ప్రోస్టేట్ గ్రంథికి సరిగ్గా వెనుకనే మలాశయం ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు సాధారణంగా 45 నుంచి 50 గ్రే మోతాదును వారానికి అయిదు రోజుల చొప్పున సుమారు అయిదు వారాలపాటు ఇస్తారు. ఆ కిరణాలలో కొంత భాగం పక్కనున్న పేగుకూ తగులుతుంది. దెబ్బతిన్న కణాలలో అధికభాగం నశిస్తాయి, లేదా తమను తాము సరిచేసుకుంటాయి. ఏ కొన్నింటిలోనో జన్యుపదార్థంలో లోపం మిగిలిపోతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి అయిదేళ్ల నుంచి కొన్ని దశాబ్దాలు పట్టవచ్చు.

అధ్యయనాలు చెబుతున్నదేమిటి?
అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చికిత్స పొందిన 85,815 మంది వివరాలను పరిశీలించిన అధ్యయనం 2005లో వెలువడింది. శస్త్రచికిత్స మాత్రమే చేయించుకున్నవారితో పోలిస్తే రేడియేషన్ పొందినవారిలో మలాశయ క్యాన్సర్ ముప్పు 1.7 రెట్లు ఉన్నట్లు అందులో తేలింది. కిరణాలు సోకని పెద్దపేగు భాగాలలో మాత్రం ముప్పు పెరగలేదు. ఈ తేడాయే రేడియేషన్ పాత్రను సూచిస్తోంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు గురైన 64,507 మంది అమెరికా మహిళలపై మరో అధ్యయనం 2014లో ప్రచురితమైంది. 35 ఏళ్ల కాలంలో రేడియేషన్ పొందినవారిలో 6.5 శాతం మందికి, పొందనివారిలో 2.5 శాతం మందికి పెద్దపేగు లేదా మలాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం ఉన్నట్లు అంచనా వేశారు. అంటే రేడియేషన్ పొందిన నూరు మందిలో 93 మందికి పైగా ఈ వ్యాధి రాదన్నమాట.

చికిత్స మానరాదు
ఈ ముప్పునకు భయపడి రేడియేషన్‌కు నిరాకరించడం ప్రాణాంతకం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరిన దశలో శస్త్రచికిత్సకు సాధారణంగా వీలుండదు. కీమోథెరపీతో కలిపి ఇచ్చే రేడియేషనే అప్పుడు ప్రధాన చికిత్స. ఎప్పుడో కొద్దిమందికి రాగల వ్యాధి కోసం, ఇప్పుడు ఒంట్లో ఉన్న వ్యాధిని వదిలివేయడం తగదు.

ఈ లక్షణాలు కనిపిస్తే..
మలంలో రక్తం లేదా జిగురు పడటం, మలవిసర్జన అలవాట్లు మారడం, విసర్జన తర్వాత కూడా ఇంకా మిగిలి ఉన్నట్లు అనిపించడం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం వంటివి కనిపిస్తే జాప్యం చేయరాదు. రేడియేషన్ వల్ల మలాశయం లోపలి పొర దెబ్బతిని, కొన్ని నెలలకో, ఏళ్లకో రక్తం పడటం కూడా ఉంది. అది క్యాన్సర్ కాదు. మొలలా, పొర దెబ్బతినడమా, క్యాన్సరా అన్నది పైకి చూసి చెప్పడం సాధ్యం కాదు. కొలనోస్కోపీ వంటి పరీక్షతోనే నిర్ధారణ అవుతుంది.

పరీక్షకు ముందే పాత రేడియేషన్ సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి. కిరణాలు సోకిన మలాశయం ముందు గోడ నుంచి ముక్క తీస్తే పుండు మానకపోవడం, రంధ్రం ఏర్పడటం వంటి ప్రమాదాలు ఉంటాయి. విషయం ముందే తెలిస్తే వైద్యులు తగిన జాగ్రత్తలు తీసుకుంటారు.

కాగితాలు భద్రం
చికిత్స పొందిన సంవత్సరం, మోతాదు, ఎన్ని విడతలు ఇచ్చారు అన్న వివరాలుండే డిశ్చార్జి కాగితాలను ఎన్నేళ్లయినా దాచుకోవాలి. ఒక ప్రతిని ఇంట్లో పెద్దపిల్లలకు అప్పగించడం మేలు. బాల్యంలో కటి భాగానికి రేడియేషన్ పొందినవారు 30 ఏళ్ల వయసు నుంచి గానీ, చికిత్స ముగిసిన అయిదేళ్ల నుంచి గానీ, ఏది ఆలస్యమైతే అప్పటి నుంచి పేగు పరీక్షలు చేయించుకోవాలని అమెరికా బాలల క్యాన్సర్ నిపుణుల మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. పెద్దవయసులో చికిత్స పొందినవారు ఎప్పుడు, ఎన్నేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలో తమ క్యాన్సర్ వైద్యుణ్ని అడిగి రాయించుకోవాలి. పొగాకు, మద్యం మానడం, పీచు ఉన్న ఆహారం తీసుకోవడం ఈ ముప్పును తగ్గించుకునేందుకు అందరికీ అందుబాటులో ఉన్న మార్గాలు.