మూగ మనసులు: గోదావరి రేవులో ప్రేమ, మరణము, పునర్జన్మ – ఒక చారిత్రక పరిశీలన

గోదావరి ప్రాంతపు సంఘములలో "మూగ మనసులు" చలనచిత్రము ప్రస్తావన వచ్చినప్పుడు, అది పునర్జన్మను బోధిస్తుంది గనుక మనకు పనికిరాదని, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 9:27 చూపించి ముగించడం మేము పలుమార్లు విన్నాము. ఆ వచనము విషయములో మాకు భేదాభిప్రాయము లేదు. అయితే ఆ కథకు పునర్జన్మ ఎందుకు అవసరమైంది? ఇది చరిత్ర విద్యార్థి అడుగవలసిన ప్రశ్న.

ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వములో ఈ చిత్రము 1964 జనవరి 31న విడుదలైంది. సినిమాలు ఎక్కువగా మద్రాసు స్టూడియోల గోడల మధ్యనే తీసే ఆ రోజులలో దీనిని గోదావరి మీదికి తెచ్చి తీశారు. గోపీగా అక్కినేని నాగేశ్వరరావు, రాధగా సావిత్రి, గౌరిగా జమున నటించారు. ఆదుర్తి దీనినే 1967లో "మిలన్" పేరుతో హిందీలో తీశారు. 1971లో సావిత్రి స్వయంగా దర్శకత్వము వహించి "ప్రాప్తం" పేరుతో తమిళములో తీశారు.

కొత్తగా పెండ్లయిన దంపతులు గోదావరి మీద పడవలో వెళ్తుండగా సుడి రేగుతుంది. భర్తకు పూర్వజన్మ జ్ఞాపకము వస్తుంది. ఒడ్డున రెండు సమాధులు, వాటిని కనిపెట్టుకొని ఉన్న ఒక వృద్ధురాలు కనబడతారు. ఆమె గౌరి. ఆమె చెప్పేదే అసలు కథ: పడవ నడుపుకొనే గోపి జమీందారు కుమార్తె రాధను చదువు కోసము రోజూ ఏరు దాటిస్తాడు. "అమ్మాయిగారూ" అని తప్ప మరొక మాటతో పిలువడు. రాధకు పెండ్లవుతుంది, కొద్దికాలానికే భర్త చనిపోతాడు. తిరిగివచ్చిన విధవరాలిని గోపి ఓదార్చబోతే ఊరు నోరు చేసుకొంటుంది. చివరకు ఇద్దరూ పడవతో సహా సుడిగుండములో పోతారు.

వీరిద్దరిదీ ప్రేమా, భక్తా, జాలియా? చిత్రము తేల్చి చెప్పదు. పేరులోనే మూగతనము ఉంది. "అమ్మాయిగారు" అనే పిలుపులో మర్యాద ఎంత ఉందో దూరమూ అంతే ఉంది. కోనసీమలో పెరిగినవారికి ఆ "గారు" బరువు వేరే చెప్పనక్కరలేదు. ఆ చావు ప్రమాదమా, విధియా, లేక కథకులకు మరో దారి దొరకలేదా అనేదీ ప్రేక్షకునికే వదిలివేశారు.

మా అభిప్రాయములో మూడవదే నిజము. విధవా పునర్వివాహమునకు చట్టము 1856లోనే వచ్చింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి విధవా వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. అదే గోదావరి ఒడ్డున, ఎనభై రెండేండ్ల తరువాత కూడ, జమీందారు ఇంటి విధవరాలికి పడవవానితో పెండ్లి చేయడానికి తెలుగు సినిమాకు ధైర్యము చాలలేదు. చట్టము ఒప్పింది, సంస్కర్త చేసి చూపించాడు, ఊరు ఒప్పలేదు. ఈ జన్మలో కానిదానిని మరు జన్మకు వాయిదా వేశారు. కనుక ఇక్కడ పునర్జన్మను సిద్ధాంతముగా చూచుటకంటె సమాజముతో కుదుర్చుకొన్న రాజీగా చూచుట న్యాయము. మరు జన్మలో వారు దంపతులై పుట్టారు గాని, ఈ జన్మలో వారిని విడదీసిన ఊరిని ఎవరూ లెక్క అడగలేదు.

గౌరిని వ్యాఖ్యాతలు తగినంత పట్టించుకోలేదనిపిస్తుంది. ఆమె గోపిని ప్రేమించింది, అతని మనసు మరొకచోట ఉందని గ్రహించింది, పక్కకు తొలగింది. మరు జన్మ ఆమెకు ఇవ్వలేదు. ఉన్న ఒక్క జన్మను ఆ సమాధుల దగ్గరే గడిపింది. మరణమును నిజముగా అంగీకరించినది ఈ చిత్రములో ఆమె ఒక్కతే. లాజరు సమాధి యొద్ద యేసు ప్రభువు కన్నీళ్లు విడిచిన సంగతి (యోహాను 11) ధ్యానించేవారికి గౌరి పరాయిది కాదు. పునరుత్థాన నిరీక్షణ కన్నీళ్లను రద్దు చేయదు.

ఈ కథ ముమ్మిడివరం వారికి తెరమీది సంగతి మాత్రమే కాదు. ఎదుర్లంక–యానాం వంతెన వచ్చేదాకా గౌతమి దాటాలంటే పడవే గతి. లంక గ్రామాల పిల్లలు ఆ తరువాత కూడ చదువులకు పడవల మీదనే వెళ్లారు. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలము పశువుల్లంక వద్ద బడినుండి ఇండ్లకు వస్తున్న పిల్లల పడవ, కడుతున్న వంతెన స్తంభమును తగిలి తిరగబడింది. బడిపిల్లలు నీటిపాలయ్యారు. అటువంటి ఇంటిలో కూర్చున్న కాపరి మరు జన్మ ఉందని చెప్పలేడు. "అంతా దేవుని చిత్తము" అని తొందరపడి చెప్పినా అది పునర్జన్మవంటి వాయిదాయే. వంతెన ఎందుకు ఆలస్యమైందని అడిగే తల్లిని విశ్వాసము లేనిదానిగా చూడకూడదు.

ఇక వివాహము సంగతి. పునర్జన్మను ఖండించే మన సంఘములలో కులము చూడకుండ జరిగే పెండ్లిండ్లు ఎన్ని? విధవరాలికి రెండవ వివాహము ఆశీర్వదించినవి ఎన్ని? అపొస్తలుడైన పౌలు దానికి స్వేచ్ఛ ఇచ్చియున్నాడు (1 కొరింథీయులకు 7:39). దీనికి ప్రసంగములకంటె మంచి ఆధారము మన దగ్గరే ఉన్నది. 1872 భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము వ్రాసే రిజిస్టరులో వధూవరుల వైవాహిక స్థితికి ఒక గడి ఉంటుంది: అవివాహితయా, విధవరాలా అని. 1964 నుండి ఇప్పటివరకు కోనసీమ సంఘముల రిజిస్టర్లలో ఆ ఒక్క గడిని వరుసగా చదివి లెక్క కట్టే పని మన విద్యార్థులలో ఎవరైనా చేపట్టవచ్చును. పాత పుస్తకములు చెదలు పట్టకముందే మొదలుపెట్టాలి.