న్యూజీలాండు రెన్ పక్షులు: వాని వంశ నిర్ణయము

కాకి, పిచ్చుక, గోరువంక, గిజిగాడు - ఇవన్నియు కొమ్మను గట్టిగా పట్టి కూర్చుండుటకు అనువైన పాదములు గల పక్షులు. వీనిని శాస్త్రజ్ఞులు పాసెరిఫార్మీస్ అను క్రమములో చేర్చినారు. ప్రపంచములోని పక్షిజాతులలో సగమునకు మించి ఈ క్రమమునకు చెందినవే. ఇంత పెద్ద వంశవృక్షములో మొట్టమొదట వేరుపడిన శాఖ ఏది? దీనికి సమాధానము న్యూజీలాండులోని కొన్ని చిన్న పిట్టలలో దొరికినది.

నేడు రైఫిల్‌మన్ అని పిలువబడు పిట్టను 1787లో స్పార్‌మన్ అను స్వీడను శాస్త్రజ్ఞుడు వర్ణించి, చెట్ల బెరడుపై ప్రాకు నట్‌హాచ్ పక్షుల ప్రజాతిలో చేర్చెను. వలస వచ్చిన ఆంగ్లేయులు ఈ పిట్టలకు తమ దేశపు రెన్ పేరు పెట్టిరి. పై రూపమును చూచి చేసిన ఈ పోలికలు రెండును నిలువలేదు. 1882లో ఫోర్బ్స్ వీని శరీరమును కోసి పరీక్షించి, ధ్వనిపేటికలోని కండరముల అమరిక పాటపిట్టలలో వలె లేదని చూపి, వీనిని ప్రత్యేక కుటుంబముగా వేరుచేసెను.

మనుష్యుడు ఆ దీవులలో అడుగుపెట్టిన నాటికి ఈ కుటుంబములో కనీసము ఆరు జాతులుండెను. వానిలో లయల్ రెన్ ఎగురలేనిది. మనుష్యులతో వచ్చిన ఎలుకలు ప్రధాన ద్వీపములలో దానిని రూపుమాపినవి; కుక్ జలసంధిలోని స్టీఫెన్స్ ద్వీపమున మాత్రము మిగిలినది. 1894లో అక్కడ దీపస్తంభము వెలిగినది. దానితోపాటు పిల్లియు వచ్చినది. పిల్లి పట్టి తెచ్చిన పిట్టలను దీపస్తంభపు సహాయోద్యోగి లయల్ భద్రపరచెను. వానిని చూచి రాత్‌స్చైల్డ్ అదే సంవత్సరము ఆ జాతికి నామకరణము చేసెను. కొద్ది సంవత్సరములలోనే ఆ జాతి అంతరించెను. ఒకే పిల్లి దీనిని నాశనము చేసినదను కథ నిజము కాదు. ద్వీపమున పిల్లుల సంతతి పెరిగినది.

అడవి రెన్ గతియు ఇట్లే ముగిసినది. బిగ్ సౌత్ కేప్ ద్వీపములో ఓడ ఎలుకలు ప్రవేశించగా, 1964లో ఆరు పిట్టలను కైమోహు ద్వీపమునకు తరలించినారు. 1972 తరువాత అవి కనబడలేదు.

2002లో ప్రకటింపబడిన జన్యు పరిశోధనలు, ఈ కుటుంబము మిగిలిన పాసెరిఫార్మీస్ పక్షులన్నిటికంటె ముందుగా వేరుపడిన శాఖ అని తెలిపినవి. 2016లో ప్రాచీన అవశేషముల డి.ఎన్.ఏ.ను పరీక్షింపగా, ఈ కుటుంబములోనే అతి ప్రాచీనకాలమున విడిపోయినది లయల్ రెన్ శాఖ అని తేలినది. అనగా, పిల్లుల పాలైనది ఒక జాతి మాత్రమే కాదు, కోట్ల సంవత్సరముల చరిత్ర గల శాఖ.

నేడు సజీవముగా ఉన్నవి రైఫిల్‌మన్, పర్వతములపై నివసించు రాక్ రెన్ మాత్రమే. రైఫిల్‌మన్ బరువు సుమారు 6 గ్రాములు. వర్గీకరణ అనునది పేర్ల పట్టిక మాత్రమే కాదు; ఏది పోయిన తిరిగి రాదో అది మనకు తెలుపును.