ధాత కరువు – క్లౌ దొర సేవ

క్రీ.శ. 1876, ధాత నామ సంవత్సరమున వానలు కురియక దక్షిణదేశమున ఘోర క్షామము సంభవించి 1878 వరకు జనులను పీడించెను. ఆ కాలమున ఒంగోలునందు అమెరికా బాప్తిస్టు మిషను పక్షమున మతబోధ చేయుచుండిన జాన్ క్లౌ దొర, అన్నార్తులకు బిచ్చమిడుటకంటె పని చూపుట మేలని తలచెను. యౌవనమున భూముల సర్వే నేర్చినవాడగుటచే, ప్రభుత్వము కరువు పనిగా త్రవ్వించుచుండిన బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ళు గుత్తకు తీసికొని, వేలమందికి కూలి గిట్టునట్లు చేసెను. వారిలో పెక్కుమంది ఊరి వెలుపల నుంచబడిన మాదిగలు. మిషను బోధకులే అచట మేస్త్రీలైరి.

గాయపడిన బాటసారికి జాతి యడుగక శుశ్రూష చేసిన సమరయుని కథ క్రైస్తవుల సేవాధర్మమునకు ఆదర్శము. అందు ఉపకారమునకు ప్రతిఫలము కోరుట లేదు. క్లౌ దొరయు నట్లే వర్తించెను. కూలిజనులు పలువురు బాప్తిస్మము కోరినను, కూటికై మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని సుమారు 15 నెలలు ఎవ్వరికిని ఈయలేదు.

1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి చెంత గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అప్పటికి కాలువ పనియు, కరువు కూలియు ముగిసియే యుండెను.

ఆకలిగొన్నవానికి పెట్టిన కూడు వాని మనస్సునకు వెల కారాదు. ఈ నియమమే ఆ దానమునకు వన్నె తెచ్చినది.