కాన్పు నీకా, నీ భార్యకా?



సెలవు అన్న మాట చిన్నదే గాని దాని అర్థాలు చిన్నవి కావు. పెద్దలు సెలవిచ్చారంటే పలికారని గాని ఆజ్ఞాపించారని గాని అర్థం. సెలవు పుచ్చుకొనుట అంటే అనుమతి పొంది వీడ్కోలు తీసుకొనుట. సెలవు అంటే వ్యయం అని కూడా మన పాత వాడుక. తమిళులు నేటికీ ఖర్చును ఆ మాటతోనే పిలుస్తారు. ఇక ఉద్యోగులమైన మనకు మిగిలినది కచేరీ సెలవు. బడిపంతులుగా ముప్పై ఏళ్ళకు పైగా సెలవుచీటీలు వ్రాసినవాడిని, విద్యార్థుల చీటీలు దిద్దినవాడిని. అందులో ఒకే ఒక్క సెలవు చరిత్ర నేడు చెప్పదలచాను. అది బిడ్డ పుట్టినప్పుడు తండ్రికిచ్చే సెలవు.

కొత్తగా తండ్రియైనవాడు పనికి తిరిగి వెళ్ళిన కథ మన సాహిత్యంలో ఎక్కడున్నదని ఆలోచిస్తే నాకు మొదట స్ఫురించేది భాగవతమే. దశమ స్కంధంలో కృష్ణునికి జాతకర్మ జరిపించి, గోదానాలు చేసి, వ్రేపల్లె అంతా పండుగ చేసిన నందుడు, ఆ సంబరం తీరీ తీరకముందే మథురకు ప్రయాణం కట్టాడు. ఎందుకు? కంసునికి ఏటేటా చెల్లించే కప్పం కట్టడానికి. బిడ్డ పుట్టాడు గదా, గడువు ఇమ్మని అడిగే దారి లేదు. మథురలో వసుదేవుడు కలిసి, గోకులంలో ఉత్పాతాలు కనబడుతున్నవి, వెంటనే తిరిగి పొమ్మని హెచ్చరించాడు. ఆయన త్రోవలో ఉండగానే పూతన వచ్చి పోయింది. తరగతిలో పూతన సంహారం ఎన్నోసార్లు చెప్పాను. తండ్రి ఇంట లేని సమయమన్న సంగతి మాత్రం నేనే తండ్రినయ్యేదాకా నా మనస్సుకు పట్టలేదు.

ధర్మశాస్త్రాలవారు ఈ విషయంపై తర్జనభర్జన పడ్డారు. పురుటి ఆశౌచం ఎవరికి? తల్లికి మాత్రమేనా, తండ్రికి కూడానా? బౌధాయన ధర్మసూత్రంలో ఈ వివాదం కనిపిస్తుంది. మనువు తల్లి వైపే మొగ్గాడు. తండ్రి స్నానం చేస్తే శుచి అయిపోతాడన్నాడు. ఆచారంలో మాత్రం మన ఇళ్ళలో పదిరోజుల పురుడు తండ్రికీ పట్టింది. ఆ పదిరోజులూ పూజలు, శుభకార్యాలు మానాలి. పొలం పని, వ్యాపారం, కొలువు మానమని మాత్రం ఎవరూ అనలేదు. ఇదొక వింత సెలవు. దేవుని దగ్గరకు పోరాదు, దొర దగ్గరకు పోవచ్చు. తొలికాన్పు పుట్టింట జరిగే రివాజు కావడం వల్ల ఆ మగడు బిడ్డకు దగ్గరగా ఉండేదీ తక్కువే.

ఈ పద్ధతికి పూర్తిగా ఎదురు నడిచినవారు మన తెలుగునాటనే ఉన్నారు. గోదావరి తీరాన దుమ్ముగూడెంలో మిషనరీగా పనిచేసిన జాన్ కెయిన్, 1874లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో ఎరుకలవారి ఆచారం ఒకటి వర్ణించాడు. భార్యకు నొప్పులు మొదలైనాయని తెలియగానే భర్త ఆమె బట్టలు కొన్ని తీసి కట్టుకుంటాడు. ఆమె బొట్టు పెట్టుకునే చోటనే తానూ బొట్టు పెట్టుకుంటాడు. మసక వెలుతురు గదిలో దుప్పటి కప్పుకొని పడుకుంటాడు. బిడ్డ పుట్టగానే నీళ్ళు పోసి తండ్రి ప్రక్కన పడుకోబెడతారు. ఇంగువ, బెల్లం వంటి బాలింత మందులు కూడా తల్లికి గాక తండ్రికే ఇస్తారు. థర్‌స్టన్, రంగాచారి గార్లు 1909లో ప్రకటించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఈ వృత్తాంతం మళ్ళీ చోటు చేసుకున్నది. లోకంలో ఇతర జాతులలోనూ ఇటువంటి ఆచారం ఉన్నదని చెబుతూ పాశ్చాత్య పండితులు మన ఎరుకలవారిని ఉదాహరించేవారు.

ఆ దొరల వ్రాతలలో వినోదం చూసే చూపు ఎక్కువ. మా కడప జిల్లాలోనూ ఎరుకల కుటుంబాలున్నవి. నా శిష్యులలో ఆ పిల్లలు ఎందరో. ఈ ఆచారాన్ని నేను ఏ ఇంటా చూడలేదు. మందులన్నీ మగనికే ఇచ్చారంటే ఆ తల్లి పాట్లు ఎటువంటివో అన్న ప్రశ్న కూడా నాకున్నది. కాని నన్ను పట్టుకున్న సంగతి వేరు. బిడ్డ ప్రక్కన ఉండటానికి ఆ తండ్రి తానే రోగియై మంచం పట్టాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఆ తండ్రులకే తరువాతి కాలంలో వచ్చిన కష్టం మరొకటి. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం క్రింద మద్రాసు రాజధానిలో ఎరుకలవారిని నమోదు చేశారు. నమోదైనవాడు ఊరు దాటాలంటే అనుమతి కావాలి, పోలీసుల హాజరుపట్టీలో పలకాలి. భార్య పుట్టింట ప్రసవిస్తే చూచి రావడానికి కూడా చీటీ కావాలన్నమాట. 1952లో ఆ చట్టం రద్దయింది.

ఇక కచేరీల సంగతి. ఫండమెంటల్ రూల్సు 1922లో వచ్చాయి. వాటిలో 67వ నియమం, సెలవును హక్కుగా అడగరాదని నిక్కచ్చిగా చెబుతుంది. 101వ నియమం స్త్రీలకు ప్రసూతి సెలవునిచ్చింది. మన రాష్ట్ర ఉద్యోగులు నేటికీ 1933 నాటి సెలవు నియమాల నీడలోనే ఉన్నారు. మిల్లులు, కర్మాగారాల స్త్రీలకు 1961లో ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. తండ్రి అన్న మాట ఈ సెలవుల లెక్కలో ఎక్కడా లేదు. అప్పటి దొరతనానికి మగ ఉద్యోగి ఇంట బిడ్డ పుట్టడం వర్షం పడడం వంటిది, ఆఫీసుకు సంబంధించనిది.

ఇప్పుడు నా సంగతి. 1986 నవంబరు. జమ్మలమడుగు ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. నా భార్య తొలికాన్పుకు పులివెందులలో పుట్టింటికి వెళ్ళింది. ఫోను లేని ఇల్లు. మా మామగారు ముద్దనూరు మీదుగా వచ్చే బస్సు డ్రైవరు చేతికి చీటీ ఇచ్చి పంపారు. అది నాకు చేరేసరికి రెండు రోజులైంది. ఆడబిడ్డ పుట్టింది, తల్లికి రక్తస్రావం ఎక్కువైంది, ఇప్పుడు ఫరవాలేదు, వీలైతే రావలెను అని నాలుగు పంక్తులు. వీలైతే అన్న మాట ఆయన మర్యాదకు వ్రాసినది. నేను చీటీ పట్టుకొని స్టాఫ్ రూములో కూర్చున్నాను.

అంతకు ఏడాది ముందు మా సహోపాధ్యాయుడొకరు, భార్య ప్రసవం అని కారణం వ్రాసి నాలుగు రోజులు సెలవడిగారు. ఆనాటి పెద్ద చదివి, అందరి ముందూ కళ్ళద్దాలు తీసి, "ఏమప్పా, కాన్పు నీకా, నీ భార్యకా?" అన్నారు. గది అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తుకు వచ్చి, నా చీటీలో జ్వరము అని వ్రాశాను. మూడు రోజుల ఆకస్మిక సెలవు మంజూరైంది.

పులివెందులలో గడప బయటే నిలబెట్టారు. మా అత్తగారు బిడ్డను గడప దాకా తెచ్చి, "చూడు నాయనా, నీ పోలికే" అన్నారు. లోపల మంచం మీద నా భార్య ముఖం తెల్లకాగితంలా ఉన్నది. రెండు రాత్రుల క్రితం ఆమె ప్రాణాపాయంలో ఉండగా నేను ఎనిమిదవ తరగతి పిల్లలకు సమాసాలు చెబుతున్నాను. "ఎన్నాళ్ళుంటారు?" అని అడిగింది. "రేపు సాయంత్రం పోవాల" అన్నాను. ఆమె గోడ వైపు తిరిగింది. ఏమీ అనలేదు. ఆ తరువాత ఆదివారాలు పోయి వచ్చేవాణ్ణి.

బడికి తిరిగి వచ్చిన రోజున ఆరవ తరగతి పిల్లవాడొకడు లేచి, "జెరం తగ్గినాదా సార్?" అన్నాడు. తగ్గిందన్నాను. నాకు జాన్ కెయిన్ వ్రాత అప్పటికి తెలియదు. చాలా ఏళ్ళకు ప్రొద్దుటూరులో ఒక మిత్రుని ఇంట ఆ పాత సంపుటం అందుకొని చదువుతుండగా, దుప్పటి కప్పుకొని పడుకున్న ఎరుకల తండ్రి, జ్వరమని చీటీ వ్రాసిన పండితుడు ఒకచోట కనబడ్డారు. ఆయన నాకంటె నయం. అబద్ధమాడకుండా నలుగురి ఎదుటా పడుకున్నాడు.

బయటి దేశాలలో స్వీడన్ 1974లోనే తల్లిదండ్రులిద్దరూ పంచుకొనే సెలవు తెచ్చింది. మనకు కదలిక వచ్చినది అయిదవ వేతన సంఘంతో. జస్టిస్ రత్నవేల్ పాండ్యన్ అధ్యక్షతన ఆ సంఘం ఇచ్చిన నివేదిక వెంట, 1997 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం తన మగ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు మంజూరు చేసింది. మన రాష్ట్రంలో ఆర్థిక శాఖ 2005 సెప్టెంబరు 16న 231వ నంబరు ఉత్తర్వు వెలువరించింది. ఇద్దరికి మించి సంతానం లేని వివాహిత ఉద్యోగికి 15 రోజులు. కాగితం మీద అది చిన్న ఉత్తర్వు. కాని సెలవుచీటీలో అసలు కారణం వ్రాయడానికి ఒక గడి ఏర్పడింది.

ఆనాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు. పులివెందుల శాసనసభ్యులు. ఆయన 1949లో పుట్టినది జమ్మలమడుగులో. అక్కడ లండన్ మిషన్ వారు పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రిలోనే వైద్యుడుగా పనిచేశారు. 1972లో ఆయన కుమారుడు జగన్మోహనరెడ్డి గారు పుట్టినదీ జమ్మలమడుగులోనే. మరుసటి ఏడు తన తండ్రి రాజారెడ్డి గారి పేరిట పులివెందులలో 70 పడకల ఆసుపత్రి పెట్టారు. 2022 మార్చి 8న పిల్లల సంరక్షణ సెలవును 180 రోజులకు పెంచి, భార్య లేక ఒంటరిగా బిడ్డను పెంచుతున్న మగ ఉద్యోగికి కూడా దానిని వర్తింపజేసిన ఉత్తర్వు వచ్చేనాటికి ముఖ్యమంత్రి ఆ కుమారుడే. ఉత్తర్వులు ఆర్థిక శాఖ గదులలో తయారవుతాయి గాని పురుటిగదులలో కాదు; ఇది యాదృచ్ఛికమే. అయినా మా రెండు ఊళ్ళవారికి తలచుకోవడానికి బాగుంటుంది. రాజకీయం మాట్లాడానని ఎవరూ అనుకోవద్దు.

ఈ గడి ఎవరికున్నది అన్నది అసలు ప్రశ్న. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి తల్లికి 26 వారాలు చేశారు. తండ్రి ఊసు ఎత్తలేదు. అదే ఏడు మహారాష్ట్ర సభ్యుడు రాజీవ్ సాతవ్ లోక్‌సభలో పితృత్వ ప్రయోజన బిల్లు ప్రతిపాదించారు. అది చట్టం కాలేదు. ప్రొద్దుటూరు బంగారు అంగడిలో గుమాస్తాకు గాని, ఎర్రగుంట్ల ప్రక్క నాపరాళ్ళ గనిలో కూలికి గాని చట్టమిచ్చిన ఒక్కరోజు లేదు.

మా వీధి చివర మగ్గాలున్నవి. నేత ఇంటిలో లెక్క మరొక విధం. మగవాడు గుంటలో కాళ్ళు పెట్టి నేస్తే, కండెలు చుట్టేది ఆడమనిషి. ఆమె పురుటిలో ఉంటే కండెలు లేవు. కండెలు లేకుంటే మగ్గం నడవదు. బయటి మనిషికి కూలి ఇచ్చి చుట్టించుకోవాలి. చీర దిగితేనే డబ్బు. ఆ తండ్రి ఇల్లు వదలి పోడు, సెలవూ పెట్టడు. మగ్గం ప్రక్కనే ఊయల కట్టి, తాడు కాలి వేలికి చుట్టుకొని నేస్తుండగా చూశాను. ఇక కువైట్ పోయిన మా జిల్లా తండ్రుల కథ వేరే వ్రాయాలి. బిడ్డ నడక నేర్చి, మాటలు నేర్చి, దిగివచ్చిన మనిషిని చూచి ఏడ్చి అమ్మ కొంగులో దాగిన ఇళ్ళు ఎన్ని! 2020లో విరాట్ కోహ్లీ అడిలైడ్ ఆట కాగానే బిడ్డ కోసం తిరిగి వచ్చినప్పుడు మా అరుగు మీద రెండు పక్షాలై వాదించుకున్నారు. దేశం కంటె బిడ్డ ఎక్కువా అన్నవారిలో, తన కూతురిని మూడో ఏట మొదటిసారి చూచిన కువైట్ తండ్రి ఒకరున్నారు. ఆయన వాదన వినడం కష్టమైంది.

నేను ఉద్యోగ విరమణ చేసిన మరుసటి ఏడు, 2019లో, మా అబ్బాయికి కొడుకు పుట్టాడు. వాడూ ప్రభుత్వ ఉపాధ్యాయుడే. పదిహేను రోజులూ బిడ్డ దగ్గరే ఉన్నాడు. కాళ్ళు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నీళ్ళు పోయడం వాళ్ళమ్మ వద్ద నేర్చుకున్నాడు. మొదటి రోజు చేతులు వణికాయి. అయిదవ రోజుకు, "తప్పుకోమ్మా, నేను పోస్తా" అన్నాడు. నా భార్య వసారాలో నిలబడి వాడిని చూస్తూ, నా వైపు ఒక్కసారి చూచింది. ముప్పై మూడేళ్ళ నాటి ఆ గోడ గుర్తుకు వచ్చి నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. పదహారవ రోజు ఉదయం బడికి పోతూ వాడు చెప్పులు వేసుకొని, విప్పి, లోపలికి పోయి, మళ్ళీ వచ్చాడు.

సెలవు దరఖాస్తు వ్రాసిన రోజున దానిని తెచ్చి నాకు చూపించాడు. తెలుగులో వ్రాశాడు. "నా భార్య ప్రసవించినందున" అని మొదటి పంక్తిలోనే ఉన్నది. "నాయనా, తప్పులేమన్నా ఉంటే చూడు" అన్నాడు. పిత్రుత్వ అని వ్రాశాడు. క్రావడి, ఉకారం కొట్టివేసి, వట్రసుడి పెట్టి ఇచ్చాను.