పిల్లలకు నేటి జావాస్క్రిప్ట్: తెలుగు, కన్నడ పేర్లతో తొలి పాఠం

వెబ్ పేజీలను కదిలించే కంప్యూటరు భాష జావాస్క్రిప్ట్. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ దీని తొలి రూపాన్ని పది రోజులలో తయారుచేశారు. జావా భాషతో దీనికి పేరు పోలికే తప్ప దగ్గరి చుట్టరికం లేదు.

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు కొలువులకు వెళ్ళివచ్చే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. అక్కడి సాఫ్ట్‌వేరు పనులలో ఈ భాష తరచుగా అవసరమవుతుంది. అయితే అన్నయ్య చదివిన పాత పుస్తకాన్నే తమ్ముడి చేతిలో పెడితే చాలదు. 2015లో ఈ భాష చాలా మారింది.

పూర్వం పేరును ప్రకటించడానికి ‘వార్’ ఒక్కటే ఉండేది. దానితో ప్రకటించిన పేరు కర్లీ బ్రాకెట్లు దాటి బయటకు కూడా వ్యాపిస్తుంది. ‘లెట్’తో ప్రకటించినది ఆ బ్రాకెట్లలోనే ఉంటుంది. ‘కాన్‌స్ట్’తో ఇచ్చిన పేరును మరొక విలువకు మార్చలేము, కాని అది జాబితా అయితే లోపల కొత్త అంశం చేర్చుకోవచ్చు. పిల్లలు తికమకపడేది ఇక్కడే. బాణం గుర్తుతో చిన్న ఫంక్షన్లు వ్రాసే పద్ధతి కూడా 2015లోనే వచ్చినది. ‘ఎసింక్’, ‘అవెయిట్’ 2017 నాటివి; వాటిని తరువాత నేర్చుకోవచ్చు.

మన పేర్ల విషయం ముఖ్యమైనది. ‘వెంకటలక్ష్మమ్మ’లో మనకు ఆరు అక్షరాలు. జావాస్క్రిప్ట్ ‘లెంగ్త్’ మాత్రం 14 అంటుంది. గుణింతపు గుర్తులను, సున్నను, వత్తులకు ముందుండే పొల్లును అది విడివిడిగా లెక్కిస్తుంది. పేరుకు 10 హద్దుగా పెట్టి మిగిలినది కత్తిరించే పేజీలో ఆమె ‘వెంకటలక్ష్’గా మిగులుతుంది. దరఖాస్తులో పేరు ఇలా తెగితే తిప్పలు ఎవరివో చెప్పనక్కరలేదు. దీనికి ‘ఇంటల్ సెగ్మెంటర్’ అనే కొత్త సాధనం ఉన్నది. 2024 నాటికి ప్రధాన బ్రౌజరులన్నిటిలోకి వచ్చినది. 2023 యూనికోడ్ నియమాలను పాటించే బ్రౌజరులో అది 6 అని లెక్కిస్తుంది. పాతవాటిలో సంయుక్తాక్షరాలు విడిపోయి 9 వస్తుంది.

రెండు లిపుల మధ్య పెరిగే మన పిల్లలకు సరదా అయిన అభ్యాసం ఒకటి ఉన్నది. యూనికోడ్‌లో తెలుగు ‘క’ సంఖ్య 3093, కన్నడ ‘క’ సంఖ్య 3221, తేడా 128. తక్కిన అక్షరాలలో అత్యధికం ఇదే వరుస. కాబట్టి పేరును మూడు చుక్కల గుర్తుతో ముక్కలు చేసి, ‘మ్యాప్’లో బాణం ఫంక్షన్ పెట్టి, ప్రతి సంఖ్యకు 128 కలిపి, ‘జాయిన్’తో అతికిస్తే తెలుగు ‘రామయ్య’ కన్నడ లిపిలో కనబడతాడు. సంఖ్య 3072కు, 3199కి మధ్య ఉన్నదా అని ముందుగా పరీక్షించాలి. లేకుంటే పేర్ల మధ్య ఖాళీ కూడా మారిపోతుంది. ఇది లిపిని మారుస్తుందే గాని భాషను మార్చదు: తెలుగు ‘కోలారు’ చివరి ఉకారంతోనే కన్నడ లిపిలోకి వెళుతుంది, కన్నడిగులు వ్రాసే ‘కోలార’ కాదు.