హడ్సన్స్ బే కంపెనీ

హడ్సన్స్ బే కంపెనీ కెనడాకు చెందిన వర్తక సంస్థ. 1670లో బీవర్ తోళ్ళ వ్యాపారంతో మొదలైంది. రెండు శతాబ్దాల తర్వాత పట్టణాల్లో పెద్ద దుకాణాలు తెరిచి, దేశమంతటా డిపార్ట్‌మెంట్ స్టోర్లు నడిపి, 2025లో మూతపడింది. ఉత్తర అమెరికాలోకెల్లా పాత కంపెనీగా దానికి పేరుండేది.

సన్నదు

17వ శతాబ్దపు ఐరోపాలో హోదా గల మగవాళ్ళ టోపీలు బీవర్ బొచ్చుతో తయారయ్యేవి. ఐరోపాలో ఆ జంతువు దాదాపు కనుమరుగు కావడంతో వర్తకుల చూపు ఉత్తర అమెరికా మీద పడింది. హడ్సన్ అఖాతం మీదుగా ఓడల్లో నేరుగా తోళ్ళు తేవచ్చని రాడిసన్, గ్రోసెయే అనే ఇద్దరు ఫ్రెంచి వర్తకులు చెబితే సొంత దేశం పట్టించుకోలేదు. వాళ్ళు ఇంగ్లండును ఆశ్రయించారు. 1668లో బయల్దేరిన నాన్‌సచ్ అనే చిన్న ఓడ మరుసటి ఏడాది తోళ్ళు నింపుకొని లండన్ చేరింది.

1670 మే 2న రెండో చార్లెస్ రాజు తన బంధువు ప్రిన్స్ రూపర్ట్‌కూ అతని భాగస్వాములకూ సన్నదు రాసిచ్చాడు. హడ్సన్ అఖాతంలో కలిసే నదుల పరీవాహక ప్రాంతం మొత్తం, అంటే ఇప్పటి కెనడాలో సుమారు మూడో వంతు, కంపెనీ చేతికి వచ్చింది. 1611లోనే మచిలీపట్నంలో స్థావరం పెట్టిన ఈస్టిండియా కంపెనీని ఎరిగిన తెలుగువారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఆ నేల మీద అప్పటికే క్రీ, అనిషినాబె, ఇన్యూట్ మొదలైన జనజాతులు తరతరాలుగా బతుకుతున్నాయి. వారినెవరూ అడగలేదు. అడవుల్లో వేటాడి తోళ్ళు తెచ్చింది వారే, దారులు చూపింది వారే. ఈ సంగతిని వదిలేసి కంపెనీ గొప్పతనం చెప్పడం చరిత్ర అనిపించుకోదు.

రాజుగానీ వారసులుగానీ ఆ భూభాగానికి వస్తే రెండు ఎల్క్‌లు, రెండు నల్ల బీవర్లు శిస్తుగా చెల్లించాలన్నది సన్నదులోని షరతు. ఆ శిస్తు 1927, 1939, 1959, 1970లలో నాలుగుసార్లు చెల్లించారు.

చారల దుప్పటి

కంపెనీని జనం గుర్తుపట్టింది ఈ దుప్పటితోనే. ఇంగ్లండులో నేసిన మందపాటి ఉన్ని దుప్పట్లను కంపెనీ 1780 ప్రాంతం నుంచి క్రమం తప్పకుండా తోళ్ళకు మారకంగా ఇచ్చింది. వాటి అంచున నేసిన పొట్టి గీతలను పాయింట్లు అనేవారు. మడత విప్పకుండానే దుప్పటి ఎంత పెద్దదో వాటిని చూసి చెప్పేవారు. ఒక్కో గీతకు ఒక్కో బీవర్ తోలు వెల అన్న ప్రచారం నేటికీ వినిపిస్తుంది గానీ అది నిజం కాదు. తెల్లని దుప్పటి మీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, ముదురు నీలం చారలు తర్వాత వచ్చాయి. ఆ రంగులను మొదట ఏ ప్రత్యేకార్థంతోనూ ఎంచుకోలేదు. చలి దేశంలో అదే దుప్పటిని కోట్లుగా కుట్టుకున్నారు. అలా వాడకంలో నలిగి, ఏ ప్రకటనా తేలేని గుర్తింపు ఆ చారలకు దక్కింది.

దుకాణాలు

1821లో ప్రత్యర్థి అయిన నార్త్ వెస్ట్ కంపెనీ ఇందులో కలిసిపోయింది. 1870లో సన్నదు ద్వారా దక్కిన ఆ భూభాగం, అంటే రూపర్ట్స్ ల్యాండ్, కెనడా పరమైంది. కంపెనీకి 3 లక్షల పౌండ్లు, సారవంతమైన ప్రాంతంలో ఇరవయ్యో వంతు భూమి దక్కాయి. తమతో మాటైనా చెప్పకుండా తమ నేలను బదిలీ చేస్తున్నారని రెడ్ రివర్ ప్రాంతపు మెతీ ప్రజలు (ఆదివాసీ, ఐరోపా సంతతులు కలిసినవారు) లూయీ రియెల్ నాయకత్వంలో ఎదురు తిరిగారు. మానిటోబా రాష్ట్రం పుట్టుకకు ఆ పోరాటమే కారణం.

పడమటి మైదానాలకు వలస వచ్చిన రైతులకు తోళ్ళతో పనిలేదు. వారికి పిండి, గుడ్డ, పనిముట్లు కావాలి. కంపెనీ అటు మళ్ళింది. 1913లో కాల్గరీలో, 1926లో విన్నిపెగ్‌లో పెద్ద దుకాణాలు వెలిశాయి. 1960లో మాంట్రియల్‌కు చెందిన మోర్గన్స్ దుకాణాలను కొని తూర్పున అడుగుపెట్టింది. 1970లో ప్రధాన కార్యాలయం లండన్ నుంచి కెనడాకు మారింది. 1978లో జెల్లర్స్, సింప్సన్స్ దుకాణాలు కూడా దాని కిందికి వచ్చాయి.

పేరు మార్పులు

1965లో పసుపు రంగు బి అక్షరంతో ‘ద బే’ అన్న పొట్టి పేరు తెచ్చారు. ఆధునికంగా కనిపించాలన్న తపన అది. 1987లో తోళ్ళ వేలం విభాగాన్నీ ఉత్తరాది దుకాణాలనూ అమ్మేయడంతో పాత వ్యాపారంతో బంధం చాలావరకు తెగింది. 2008 నాటికి కంపెనీ అమెరికా మదుపరుల చేతికి చేరింది. 2013లో మళ్ళీ ‘హడ్సన్స్ బే’ అన్న పూర్తి పేరునూ నాలుగు బీవర్లున్న పాత రాజముద్రనూ ముందుకు తెచ్చారు. పాత పేరుకు తిరిగి రావడం సరైన నిర్ణయమే. కానీ దుకాణాల బాగోగులు చూడకుండా గుర్తును మాత్రమే మెరుగుపెడితే వ్యాపారం నిలవదు. కొనుగోలుదార్లు ఆన్‌లైన్‌కూ చవక దుకాణాలకూ తరలిపోయారు, అప్పులు పెరిగాయి.

2020లో మూతపడిన విన్నిపెగ్ భవనాన్ని 2022లో కంపెనీ ఆదివాసీ సంస్థ అయిన సదరన్ చీఫ్స్ ఆర్గనైజేషన్‌కు అప్పగించింది. 2025 మార్చిలో కంపెనీ అప్పులవాళ్ళ నుంచి కోర్టు రక్షణ కోరింది. జూన్ 1న చివరి దుకాణాలు మూతపడ్డాయి. వేలాదిమంది ఉద్యోగాలు పోయాయి. పేరునూ రాజముద్రనూ చారల హక్కులనూ కెనడియన్ టైర్ సంస్థ 3 కోట్ల కెనడా డాలర్లకు కొనుక్కుంది.