గోదారి ఒడ్డు నుంచి బుద్ధుని దాకా

ఇట్ల మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. మొద్దు అంటుకున్నది, ఇగ తెల్లారే దాకా ఆరదు. బుద్ధుని కథ చెప్పుమన్నరు కదా. రాజు కొడుకు, రథం, ముసలోడు, రోగి, శవం... ఆ కథ మీ బడి పుస్తకాలల్ల ఉన్నది. నేను చెప్పేది మన గోదారి ఒడ్డున మొదలైన ముచ్చట. సుత్తనిపాతమని పాళీ భాషల ఒక గ్రంథం ఉన్నది. దాని ఆఖరి భాగం పారాయణవర్గం. బౌద్ధుల గ్రంథాలల్ల బాగ పాతవాటిల్ల అదొకటని చదువుకున్నోళ్లు చెప్తరు. గోదారి పేరు అండ్ల ఉన్నది.

రెండున్నర వేల ఏండ్ల కిందటి మాట. బావరి అని ఒక పెద్దాయన కోసల దేశం విడిచి దక్షిణానికి వచ్చిండు. అశ్మక దేశంల, గోదారి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్నడు. అశ్మకమంటే మన బోధన్ దిక్కు దేశమే. ఆ కాలంల చెప్పే 16 మహాజనపదాలల్ల దక్షిణాన ఉన్నది అదొక్కటే. ఆశ్రమం ఉన్న చోటు ఖానాపూర్ కాడి బాదనకుర్తి అని మన పెద్దలు చెప్తరు. బావరికి 120 ఏండ్లు. మూడు వేదాలు చదివినోడు, 500 మందికి చదువు చెప్పేటోడు. తినేది మాత్రం చేన్లల్ల రాలిన గింజలు, చెట్టు పండ్లు.

ఒకసారి పెద్ద యజ్ఞం చేసి, ఉన్నదంతా దానం చేసి ఆశ్రమానికి మర్లిండు. అంతలనే ఒక బాపనాయన వచ్చిండు. కాళ్లు పగిలినయి, తల నిండ దుబ్బ, పండ్లకు పాచి. వచ్చుడు వచ్చుడే 500 నాణేలు ఇయ్యుమన్నడు. నా కాడ ఇగ ఏం మిగల్లేదయ్యా, మన్నించుమని బావరి బతిమాలిండు. ఆయన వినలే. ఏదో తంతు చేసి, ఏడో దినం నీ తల ఏడు చెక్కలైతదని శపించి పోయిండు.

అంత చదివిన మనిషి బెదిరిపోయిండు బిడ్డా. బువ్వ తినలే. ధ్యానంల కూసుంటే మనసు నిలవలే. వేదాలు మూడు నోటికొచ్చినా ఆ భయానికి అడ్డం రాలే. అప్పుడు ఒక దేవత వచ్చి చెప్పింది: వానికి తలంటే తెల్వదు, తల పగులుడంటే తెల్వదు, వాడు పైసల కోసం వచ్చిన మోసగాడు, ఆ సంగతి తెలిసినోడు శాక్యుల బిడ్డ బుద్ధుడొక్కడే అని. బావరి పానం లేచొచ్చింది. 16 మంది శిష్యులను పిలిచి, పోయి అడిగి రమ్మన్నడు.

ఇగ వాళ్ల నడక చూడుండ్రి. ప్రతిష్ఠానం, అంటే ఇప్పటి పైఠన్. ఆడికెల్లి మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి. శ్రావస్తిల దొరకలే. మల్ల నడిచి కపిలవస్తు చేరిండ్రు. సిద్ధార్థుడు పెరిగిన ఊరు అదే. కన్నతల్లి మాయాదేవి ఆయన పుట్టిన ఏడు దినాలకే పోతే, చిన్నమ్మ గౌతమి పెంచింది. 29 ఏండ్లకు యశోధరను, పసిపిల్లగాడు రాహులుణ్ని విడిచి ఆయన వెళ్లిపోయింది ఆడికెల్లే. ఆరేండ్లు ఒళ్లు ఎండబెట్టుకుని, ఇది దారి కాదని తెలుసుకుని, గయ దగ్గర రావిచెట్టు కింద బుద్ధుడైండు.

కపిలవస్తు దాటినంక కుశినార, పావ, భోగనగరం, వైశాలి. ఈ నాలుగు పేర్లు చదివినప్పుడల్ల నా మనసు ఆడనే ఆగుతది. 80 ఏండ్ల వయసుల బుద్ధుడు చివరిసారి నడిచింది ఈ దారినే, ఎదురు దిక్కుగ. వైశాలి నుంచి భోగనగరం, ఆడికెల్లి పావ. పావల చుందుడనే కమ్మరి పెట్టిన బువ్వ తిన్నంక జబ్బు చేసింది. ఆ నొప్పితోనే కుశినార దాకా పోయి, రెండు సాలచెట్ల నడుమ ఒరిగిండు. పోయే ముందు తన శిష్యుడు ఆనందుణ్ని పిలిచి, చుందుణ్ని ఎవరూ తప్పు పట్టొద్దు, వాడు పెట్టిన బువ్వ గొప్ప పుణ్యమని చెప్పి పంపిండు. సచ్చేటప్పుడు కూడ బువ్వ పెట్టినోని మనసు నొయ్యద్దని చూసిండు. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది ఈ ఒక్క మాటతోనే.

ఆఖరికి మగధ దేశంల, పాషాణక చైత్యం కాడ 16 మందికి బుద్ధుడు దొరికిండు. వాళ్లల్ల అజితుడు తల సంగతి అడిగిండు. బుద్ధుడు తాయెత్తు కట్టలే, ఎదురు శాపం పెట్టలే. తలంటే అవిద్య, దాన్ని పగలగొట్టేది తెలివి అన్నడు. శ్రద్ధ, ఎరుక, ఏకాగ్రత, పట్టుదల ఆ తెలివికి తోడు ఉండాలన్నడు. పగలాల్సింది బావరి తల కాదు, తెల్వనితనం. భయపడ్డ మనిషికి ఇంతకన్న గొప్ప మందు ఇంకెవరిచ్చిండ్రు?

బావరి, ఆయన శిష్యులు, మీరంత సుఖంగ ఉండాలని దీవించి, ఏ అనుమానమున్నా అడుగుండ్రని బుద్ధుడే అన్నడు. అప్పుడు ఒక్కొక్కడు లేచిండు. లోకాన్ని ఏది కప్పిందని అజితుడు అడిగితే అవిద్య అన్నడు. పుణ్ణకుడు యజ్ఞాల సంగతి అడిగితే, ఫలం మీద ఆశతోని చేసినోళ్లు ముసలితనాన్ని, సావును దాటలేరని చెప్పిండు. మోఘరాజు రెండుసార్లు అడిగినా జవాబు రాలే, మూడోసారి అడిగిండు. నేను, నాది అనే చూపు తీసేసి లోకాన్ని చూస్తే మృత్యువుకు నువ్వు కనపడవు అన్నడు. కప్పుడు అడిగింది మాత్రం గోదారోని ప్రశ్న. నడి వరదల నిలబడ్డోనికి లంక ఏది అన్నడు. ఏదీ నాదని పట్టుకోకపోవుడే ఆ లంక, దానికే నిర్వాణమని పేరు అన్నడు బుద్ధుడు. వానకాలంల మన ఏరు చూసినోళ్లకు ఈ ప్రశ్న ఎంత దగ్గరిదో వేరే చెప్పాల్నా.

ఆఖరుకు లేచింది పింగియుడు. ముసలాయన. నేను ముదుసలినైన, బలం లేదు, కండ్లు సరిగ కానరావు, చెవులు వినరావు, తెల్వనితనంలనే సావకుండ నాకు దారి చెప్పుమన్నడు. నీకేం కాలేదులే అని బుద్ధుడు ఓదార్చలే. ఒంటి మీద, కోరిక మీద పట్టు విడువుమని వయసుల ఉన్నోళ్లకు చెప్పినట్టే చెప్పిండు. ముసలోడని ఒక్క మాట తగ్గించలే. ఆ మర్యాద ఎంతటిదో నా ఈడుకు వచ్చినోళ్లకు ఎరుక.

అందరూ ఆ పూటనే గట్టెక్కిండ్రట. పింగియునికి మాత్రం ఇంకొంచెం మిగిలింది. ఎందుకో అట్టకథల, అంటే ఆ గ్రంథం మీది వ్యాఖ్యానంల, రాసిండ్రు. బావరి ఆయనకు మేనమామ. ఇంత మంచి మాట మా మామ వినకపాయె కదా అని వింటున్నంత సేపు మనసు గోదారి దిక్కే గుంజిందట. నాకైతే అది లోపమనిపించదు.

అంత దూరం మల్ల నడిచి వచ్చి, విన్నదంతా మామకు చెప్పిండు. అంతటోణ్ని విడిచి నువ్వు ఒక్క ఘడియైనా ఎట్ల ఉన్నవని బావరి అడిగితే, నేను ఆయనను విడిచి ఒక్క ఘడియ లేను, నా ఒళ్లు పోలేదు గని రాత్రి పగలు మనసు ఆడనే ఉన్నదన్నడు.

బుద్ధుడు గోదారి దాకా వచ్చినట్టు అండ్ల లేదు. ఆయన మాటను ఈ ఒడ్డుకు తెచ్చింది, ఆ కథ ప్రకారం, ఏ రాజూ కాదు, కండ్లు కానరాని ఈ ముసలాయన. ధూళికట్ట, ఫణిగిరి, నాగార్జునకొండ, అమరావతి స్తూపాలన్నీ ఆ తర్వాత లేచినయే. ధూళికట్ట పెద్దపల్లి జిల్లలనే ఉన్నది. సంక్రాంతి సెలవులల్ల తోలుకపొమ్మని మీ నాయినలను అడుగుండ్రి.